దొరగారి కిర్రుచెప్పులు

గుమ్మడివాడ దొర మేడ ముందు నుంచి వెళ్లే ప్రతివాడూ చెప్పులు విప్పి నెత్తిన పెట్టుకోవాలి. అదీ ఆయనగారి శాసనం. అలాంటి దొరకి కొత్త కిర్రుచెప్పులు వచ్చాయి. తొడుక్కున్న పూటే మడమలు కరిచిపారేశాయి. చూస్తే ఎల్లుండే రాజుగారింట పెళ్లి! గడ్డి కోసే గంగులుని పిలిచి, “నీ పాదమూ నా కొలతేరా. వీటికి ఆముదం రాసి, తొడుక్కు తిరిగి, మెత్తబరిచి పట్రా” అన్నాడు.

మర్నాడు సంత. జనమంతా చెప్పులు నెత్తిన మోసుకుపోతుంటే, గంగులు మాత్రం కిర్రుకిర్రుమంటూ మేడ ముందుకే వచ్చాడు.

దొర అరుగు మీద ఎగిరిపడ్డాడు. “కొవ్వెక్కిందట్రా? విప్పి నెత్తిన పెట్టు!”

“అలాగే దొరా! కానీ తోలు కదండీ, ఎక్కడ పెడితే అక్కడికే ఒదుగుతుంది. పొద్దస్తమానం నెత్తిన మోస్తే నెత్తికే సరిపోతాయి. పెళ్లికి తమరూ నెత్తిన పెట్టుకునే వెళ్తారా?”

“నెత్తినేమిట్రా వెధవా! చెప్పులుండాల్సింది కాళ్లకే!”

గంగులు గిర్రున జనం వైపు తిరిగాడు. “విన్నారుగా! దొరగారి ఆజ్ఞ!”

టపటపా చెప్పులన్నీ నెత్తుల మీంచి దిగి కాళ్లకెక్కాయి. ఆ వీధిలో వట్టికాళ్లతో మిగిలింది దొరగారొక్కరే.