మూడో విస్తరి

సముద్రం ఒడ్డున ఉన్న ఒకానొక రాజ్యాన్ని కంపభూపాలుడు ఏలుతుండేవాడు. దానగుణం ఉన్నవాడే గాని, తన దానాన్ని తానే మెచ్చుకునే అలవాటు కూడా ఉంది.

వృద్ధులకూ, ఈడు రాని దిక్కులేని పిల్లలకూ కోట గాదెల నుండి నెలనెలా బియ్యం ఇవ్వాలని ఆయన శాసించాడు. అయితే సంపాదించే మనిషి ఉన్న ఇంటికి ఒక్క గింజ కూడా వెళ్లకూడదు. అందుకోసం విస్తరి పరీక్ష అనే పద్ధతిని స్వయంగా కనిపెట్టాడు. అధికారులు చెప్పకుండా భోజనం వేళకు వెళ్తారు. ఎన్ని విస్తళ్లు వేసి ఉంటే ఇంట్లో అంతమంది ఉన్నట్టు.

"మనుషులు అబద్ధమాడతారు, విస్తరి ఆడదు," అని నిండు సభలో మీసం దువ్వుకునేవాడు.

ఒకనాడు చేపలు పట్టే పల్లెకారుల వాడ నుండి పైడమ్మ అనే వృద్ధురాలు, పదేళ్ల మనవరాలు నూకాలును వెంటబెట్టుకుని సభకు వచ్చింది. వారికి బియ్యం ఆగిపోయాయి. పిల్ల చేతి గాజు మోచేతి దాకా జారుతోంది.

"మీ ఇంట్లో మూడు విస్తళ్లు కనిపించాయట. మూడోది ఎవరిది?" అన్నాడు రాజు.

"నా కొడుకు సింహాద్రిది బాబూ. ఈ పిల్ల తండ్రి. పెద్ద తుపాను వచ్చిన ఏడు ఓడెక్కాడు."

"ఓడ తిరిగి వచ్చిందా?"

"రాలేదు బాబూ."

"అయితే అతడు లేడని చెప్పి ఆ విస్తరి తీసెయ్యి. రేపటి నుండే బియ్యం వస్తాయి."

ముసలామె తల వంచుకుంది. నూకాలే నోరు విప్పింది. "తీసేస్తే, నాన్న వచ్చి ఎక్కడ కూర్చుంటాడు ప్రభూ?"

"వద్దు బాబూ. గంజి తాగి బతుకుతాం. ఆ ఆకు మాత్రం తియ్యను," అంది పైడమ్మ మెల్లగా.

ఆస్థాన విదూషకుడు తిప్పన లేచి నిలబడ్డాడు. "ప్రభూ, ఈ పరీక్ష అన్ని ఇళ్లకూ ఒకటేనా?"

"గుడిసెకైనా కోటకైనా ఒకటే! ఇందులో తప్పు చూపిస్తే అడిగింది ఇస్తాను. చూపలేకపోతే నీ నోటికి ఏడాది తాళం."

"అలాగే ప్రభూ. అయితే ముందు వీరికీ నాకూ భోజనం పెట్టించండి. కడుపు కాలుతుంటే నాకు చమత్కారం తోచదు."

సభ నవ్వింది. పైడమ్మకూ పిల్లకూ అక్కడే వడ్డించమని చెప్పి, రాజు తిప్పనను తన భోజనశాలకు తీసుకువెళ్లాడు.

అక్కడ రాజుగారి పీట పక్కన మరో పీట, దాని ముందు వెండి పళ్లెం ఉన్నాయి. రాణి మల్లాంబ కన్నుమూసిన నాటి నుండి ఆ పళ్లెం ఒక్క పూట కూడా తప్పలేదు. ఎవరూ దానివైపు చూసేవారు కారు.

తిప్పన అన్నం ముట్టలేదు.

"తినవేం?"

"రాణిగారు రాకుండా ఎలా మొదలుపెట్టను ప్రభూ? పళ్లెం వేసి ఉందిగా."

రాజు చెయ్యి అన్నంలోనే ఆగింది. "ఆమె రాదని నీకు తెలియదా?"

"తెలుసు. కాని మనుషులు అబద్ధమాడతారు, పళ్లెం ఆడదు కదా!" తిప్పన లేచి రెండు చేతులూ పళ్లెం వైపు చాపాడు. "లేరని ఒక్క మాట సెలవివ్వండి, ఇప్పుడే తీసేస్తాను."

"వద్దు!"

ఆ అరుపుకు వడ్డించేవారు ఎక్కడివారక్కడ నిలిచిపోయారు. తిప్పన చేతులు దించాడు.

"పైడమ్మ కూడా ఇదే మాట అంది ప్రభూ. కాస్త మెల్లగా అంది, అంతే."

రాజు ఆ పళ్లెం వైపు చూశాడు. ఆ తరువాత నవ్వాడు. నవ్వుతూనే ఉత్తరీయంతో కళ్లు తుడుచుకున్నాడు.

"నా పరీక్షలో నన్నే ఓడించావురా తిప్పనా! ఏం కావాలి?"

"ఆ ఆకు జోలికి వెళ్లకుండా వాళ్ల బియ్యం వాళ్లకు ఇప్పించండి."

రాజు తన శాలువా తీసి తిప్పనకు కప్పాడు. సభకు తిరిగివచ్చి విస్తరి పరీక్షను రద్దు చేశాడు.

గాదెల అధికారి చేతులు కట్టుకుని అడిగాడు. "ఈ ఇంటికి ఇద్దరికే కదా ప్రభూ, కొలవవలసింది?"

"ముగ్గురికీ కొలువు," అన్నాడు రాజు. "అంత దూరం నుండి వచ్చేవాడు ఆకలితో వస్తాడు."