సముద్రపు కాకికి పెట్టిన ముద్ద

అనగనగా ఒక రాజు. వినండర్రా, ఆయన రాణి రోజూ పెరటి గోడ మీద ఓ ముద్ద పెట్టి, "కావు కావు" అని పిలిచి, కాకి తిన్నాకే తను తినేది. మా అమ్మా అంతే.

ఒకనాడు కంకాళుడనే మాంత్రికుడు వచ్చి రాజును రాయి చేసేశాడు. వాడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతల ఓ చిలుకలో ఉంది. చిలుక చస్తేనే రాయి మళ్లీ రాజవుతుంది. పెద్దకొడుకు వెళ్లాడు, దారి తెలియక తిరిగొచ్చాడు. నడిపివాడూ అంతే. మూడోవాడు రత్నకంఠుడు పడవెక్కుతుంటే రాణి చద్దిమూట ఇచ్చి, "కాకికి పెట్టకుండా తినకు నాయనా" అంది.

నడిసముద్రంలో కాకెక్కడిదర్రా? అయినా పిల్లాడు అమ్మ మాట తప్పలేదు. మొదటి సముద్రంలో ముద్ద పెట్టి పిలిచాడు, ఏదీ రాలేదు. రెండో సముద్రంలో పిలిచాడు, ఏదీ రాలేదు. మూడో సముద్రంలో ఓ తెల్లపిట్ట వాలింది.

"నువ్వు కాకివి కాదుగా?"

"ఆకలికి రంగేమిటోయ్! పెడతావా, లాక్కోనా?"

ఆ గొంతు అచ్చం పెరటి కాకి గొంతే! అమ్మ, గోడ, వేడన్నం అన్నీ గుర్తొచ్చి రాకుమారుడికి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఇకనుంచి నువ్వే నా కాకివి."

"సరేగానీ, ఇంకో ముద్దేదీ?"

కాకి దారి చూపిస్తూ ముందు ఎగురుతుంటే, పడవ వెనకాలే ఏడో సముద్రం దాటింది. అక్కడ దీవిలో మాంత్రికుడి చెరలో ఉన్న ముత్యాలనే రాకుమారి రహస్యంగా చెప్పింది: "చిలుక ఆ రాతి తొర్రలో ఉంటుంది. చెయ్యి పట్టదు. ఎవరైనా విషం పెడతారని మాంత్రికుడు దానికి ఇంకెవర్నీ తిండి పెట్టనివ్వడు, తనేమో ఎప్పుడో గానీ రాడు, పాపం అదెప్పుడూ ఆకలితోనే ఉంటుంది."

మూటలో మిగిలింది ఒకే ముద్ద. రత్నకంఠుడు దాన్ని బండ మీద పెట్టి, అమ్మలాగే "కావు కావు" అన్నాడు. ఆకలి చిలుక బయటికొచ్చింది. కాకి రివ్వున చిలుకను తన్నుకుపోయి అతని చేతిలో పడేసింది. అతను మెడ విరిచాడు. మాంత్రికుడు బూడిదయ్యాడు.

ఇంటి దగ్గర రాయి లేచి, "అన్నం పెట్టవే" అంది! కొన్నాళ్లకి ఓ పూట రాణి ముద్ద పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లేసరికి తెల్లపిట్ట ఒకటి అచ్చం కాకిలా అరుస్తోంది.

"చుట్టాలొస్తున్నారర్రా!" అని రాణి వీధిలోకి పరుగెత్తింది. ఎదురుగా కొడుకూ, వాడు చెర విడిపించి తెచ్చిన కాబోయే కోడలూ!

పెళ్లయింది. వాళ్లు మనవల మనవల్ని చూసుకునేదాకా ఏలారు. అంత తెల్లగా ఉన్నా అందరూ ఆ పిట్టని సముద్రపు కాకి అనే పిలిచారు. ఇంటి గుర్తు కదా మరి. రేవులో సముద్రపు కాకి అరిస్తే నాకిప్పటికీ మా అమ్మ చేతి ముద్దే గుర్తొస్తుంది.