పడటం నేర్పే పంతులుగారు

వెనకటికి ఒక సంస్థానంలో సోమనాద్రి పంతులుగారని బక్కపలచని మనిషి ఉండేవారు. సముద్రాలు దాటి జపాను వెళ్లి, అక్కడివాళ్ల గ్రంథాలూ ఆచారాలూ చదువుకుని, జూడో కూడా నేర్చి వచ్చి బడి పెట్టారు. ఆ బడిలో మొదటి పాఠం, దెబ్బ తగలకుండా కింద పడటం.

ఆస్థాన వస్తాదు గండప్పకు అది వేళాకోళమైంది. "ప్రభూ, పడటానికి కూడా పాఠమా! పుట్టి బుద్ధెరిగాక నేను పడి ఎరగను. పంతుల్ని నాతో తలపడమనండి. ఓడితే బడి మూసేయాలి" అన్నాడు. రాజావారు సరేనన్నారు.

బడి పోతుందేమోనని పంతులుగారు మనసులోనే రాముడికి దణ్ణం పెట్టుకున్నారు.

"చిత్తం ప్రభూ. పందెం బడి గురించే కదా, బడిలో చెప్పే పాఠంలోనే పోటీ పెట్టించండి. ఇద్దరం నిలుచున్నచోటే వెనక్కి పడతాం."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు గండప్ప.

చాపలు పరిచారు. పంతులుగారు వెనక్కి వాలి, అరచేత్తో చాపను చరిచి, నవ్వుతూ లేచారు. గండప్ప వాలబోయి, కాలు వెనక్కి వేసి నిలదొక్కుకున్నాడు. మళ్లీ వాలబోయాడు, మళ్లీ నిలదొక్కుకున్నాడు. ఒళ్లంతా చెమట పట్టింది.

"ఏమోయ్ గండప్పా, బడి మూయించేద్దామా?" అన్నారు రాజావారు.

"వద్దు ప్రభూ," అని గొణిగాడు వస్తాదు, "నాకు పడటం వచ్చేదాకా ఉండనివ్వండి."