రాతి చూరు కింద నవ్వు

"చూడనివాళ్ల ముఖాలు ఎలా గీయాలి గురువుగారూ?" అని అడిగింది హిమజ.

ప్రదర్శనశాల గోడ మీద ఆదిమానవుల జీవితాన్ని చిత్రించే పని ఆమెకు అప్పగించారు. నెల్లాళ్లుగా గీస్తోంది. పళ్లు బిగించి దుడ్డుకర్రలు పట్టిన మగవాళ్లు, మూల నక్కి బెదురుచూపులు చూసే ఆడవాళ్లు. ఎన్నిసార్లు గీసినా అవే వస్తున్నాయి, ఒక్కదానిలోనూ ప్రాణం లేదు. పని వదిలేస్తానని చెప్పడానికే ఆమె వచ్చింది.

గురువు పరాంకుశం గారు బొమ్మలన్నీ ఓపిగ్గా చూశారు. మర్నాడు ఆమెను వెంటబెట్టుకొని, పాతకాలపు రాతిచిత్రాలున్న కొండకు బయలుదేరారు. దారిలో జడివాన పట్టుకుంది. తడుస్తూ రాతి చూరు కిందికి చేరేసరికి, గొర్రెలు కాసే ఓబుళమ్మ, ఆమె మొగుడు, కూతురు అక్కడ మంట వేసుకొని శెనక్కాయలు కాల్చుకుంటున్నారు.

"ఈ అమ్మాయి మీ బొమ్మ గీస్తుంది. వేల ఏళ్ల కిందట ఇక్కడ బతికిన మనుషుల్లా కాసేపు కూర్చోండి" అన్నారు గురువుగారు.

వెంటనే ఓబుళమ్మ మొగుడు కళ్లురిమి కర్ర ఎత్తాడు. తల్లీకూతుళ్లు భయంభయంగా ముడుచుకున్నారు. హిమజ గతుక్కుమంది. అచ్చం తన బొమ్మలే!

అంతలో వెనకనుంచి ఒక గొర్రెపిల్ల వచ్చి ఆయన తలపాగా కరుచుకొని వానలోకి ఉరికింది. దాని వెంటపడి ఆయన బురదలో జారి చతికిలబడ్డాడు. లేపబోయిన కూతురూ మీద పడింది.

"సూడమ్మీ, వేటగాన్ని గొర్రెపిల్ల వేటాడె!" అని ఓబుళమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. బురదలో ఉన్న ఇద్దరూ నవ్వారు. హిమజకు నవ్వి నవ్వి కళ్లవెంట నీళ్లొచ్చాయి, చెయ్యి మాత్రం గీస్తూనే ఉంది.

ఆ నవ్వులోనే తలెత్తి పైకి చూసింది. రాతి మీద ఎర్రని గీతలతో, చేయీ చేయీ పట్టుకున్న మనుషుల వరుస. ఒక్కరికీ కన్నూ ముక్కూ లేవు. అయినా వాళ్లంతా ఆడుతున్నారని తెలుస్తూనే ఉంది.

కొన్నాళ్లకు ప్రదర్శనశాలలో గోడ బొమ్మ పూర్తయింది. దాన్ని చూడ్డానికి వచ్చిన అధికారి చాలాసేపు నిలబడ్డాడు. తనకు తెలియకుండానే ఆయన ముఖం విప్పారింది. మళ్లీ సర్దుకొని, "బాగానే ఉంది. కానీ వాళ్లు ఇలా నవ్వుకునేవాళ్లనడానికి ఆధారం ఏమిటి?" అని అడిగాడు.

హిమజ పక్కనే ఉన్న గురువుగారి వైపు చూసింది.

"వాళ్లకు కర్రలూ భయాలే ఉంటే మనిషి జాతి నిలిచేదా? మనం మిగిలాం కదండీ" అన్నారాయన.