మూడు రాజ్యాల కాటుక

మూడు రాజ్యాలు కలిసే చోట ఒక రేవు ఉంది. మూడింటిలోనూ ఒకే వర్తకుడు కాటుక అమ్మేవాడు. భరిణె మూత మీద నెమలి బొమ్మ. ఆ నెమలికి కాళ్ళు వెయ్యడం బొమ్మ గీసినవాడు మరిచిపోయాడు గానీ, అది వేరే సంగతి. ఆ కాటుక పెట్టుకున్నవాళ్ళకి చూపు మసకబారేది. ఒక్కసారిగా పోయుంటే ఊళ్ళు అట్టుడికేవి. రోజుకి రవ్వంత పోయేది కనక అందరూ దీపాన్నే తిట్టుకున్నారు.

రేవు దగ్గర ఒక నేతగత్తె ఉండేది, ఆమె పెట్టుకునేదీ ఆ కాటుకే. అచ్చు అతకడం ఆమె పని. వేళ్ళకి బూడిద అద్దుకుని, పాత పడుగు కొసకి కొత్త పడుగు కొసని ఒక్కొక్క పోగే పురిపెట్టి కలపాలి. ఒకనాడు ఎర్రపోగుని నల్లపోగుతో అతికింది. మగ్గం ఆసామి మర్నాటినుంచి పని ఇవ్వలేదు.

"విరుగుడు మందు ఆ వర్తకుడి దగ్గరే ఉంది," అన్నాడు వైద్యుడు. "చూపు పూర్తిగా పోకముందే వెయ్యాలి. రాజాజ్ఞ లేనిదే అతను ఇవ్వడు."

ఆమె సొంత రాజ్యంలో న్యాయస్థానం గుమ్మం ఒక్క మనిషి పట్టేంతే.

"నాలాంటివాళ్ళు వీధివీధికీ ఉన్నారయ్యా," అంది.

"వాళ్ళ కళ్ళు వాళ్ళు తెచ్చుకుంటారు. నీ సంగతి చెప్పు," అన్నాడు న్యాయాధికారి.

వర్తకుడి తరఫున తొమ్మిదిమంది పండితులు లేచారు. వాళ్ళకి వేరే గుమ్మం ఉంది. ఆమె వయసని ఒకరు, మగ్గం గుంటలో చీకటని ఒకరు వాదించారు. వింటూండగానే నాలుగు నెలలు గడిచాయి. న్యాయాధికారి ముఖం ఆమెకి కనపడడం మానేసింది.

"అవతలి ఒడ్డుకి పద అక్కా," అన్నాడు పడవవాడు. "అక్కడ అందరి తరఫునా ఒకడే మాట్లాడతాడు. వద్దన్నవాళ్ళు తప్ప అందరూ ఆ దావాలో ఉన్నట్టే. ఏం గొంతనుకున్నావు, వాడు దగ్గితే నా పడవ రెండు బారలు ముందుకి పోతుంది."

ఆ గొంతు వింటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికి గెలిచామన్నారు. గొంతున్నవాడికి జరీ శాలువా కప్పారు. చూపు తగ్గిన ప్రతివాళ్ళకీ వర్తకుడు ఒక కొత్త కాటుక భరిణె ఉచితంగా ఇచ్చాడు.

"మందేదయ్యా?" అంది ఆమె.

"అది ఒప్పందంలో లేదమ్మా. నువ్వు వద్దనలేదుగా?" అన్నాడు గొంతున్నవాడు.

"నన్నడిగితేగా?"

"కోట గోడ మీద రాసి అంటించాం. చదువుకోవద్దూ?"

మూడో రాజ్యంలో గొంతులకి విలువ లేదు. బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది. నష్టపోయినవాళ్ళు తమకై తాము వచ్చి సన్నగీత మీద పేరు రాయాలి. పేరున్నవాళ్ళందరికీ మందు. గీత తప్పితే పేరు చెల్లదు. అప్పటికి ఆమెకి వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియడం లేదు.

ఆమె వంగి, కాగితం మీద వేలికొసలు ఆనించింది. కలం గీసిన గీత దగ్గర కాగితం వెంట్రుకవాసి లోతుగా ఉంది. పోగు దొరికినట్టే దొరికింది. వేలు తియ్యకుండా, దాని వెంబడే తన పేరు రాసింది.

గుమాస్తా చాలాసేపు చూశాడు. "ఒక్క అక్షరం తప్పలేదే. ఇంత చక్కగా కనపడుతూంటే నీకొచ్చిన నష్టమేమిటమ్మా?"

"చేత్తో తడిమి రాశాను బాబూ."

"తడిమినదీ చూసినదీ పుస్తకంలో ఒకలాగే ఉంటాయి," అని పేరు కొట్టేశాడు.

"మిగతావాళ్ళ పేర్లో?"

"ఒక్కటీ గీత మీద లేదు."

తిరిగొచ్చి పడవెక్కేసరికి నీడ కూడా పోయింది. చేతిలో భరిణె మిగిలింది. ఎవరి మోకాలో ఆమె మోకాలికి తగిలింది.

"తమ్ముడూ," అంది మెల్లగా, "పడవలో ఇంకెవరైనా ఉన్నారా?"

పడవవాడు ఒకసారి అటూ ఇటూ చూశాడు. అంచులదాకా జనం. అందరి చేతుల్లోనూ నెమలి భరిణెలు. ఎవరూ మాట్లాడడం లేదు.

"నిండా ఉన్నారక్కా," అన్నాడు. "ఎక్కిన ప్రతివాళ్ళూ ఇదే అడిగారు."

అని గడ వేసి, ఆమె సొంత ఒడ్డువైపు తోశాడు.