దాటు అంటే ఏమిటి తాతా?

ముందుగా చీమ నుంచి ఏనుగు దాకా అందరినీ కాచే ఆ నారాయణుడికి ఒక దణ్ణం పెట్టుకోండి. పెట్టారా? వెనక వరసవాళ్ళు కూడా? అయితే ఇక చెవులు ఇటు తిప్పండి.

చిలకవాగు ఒడ్డున మద్దిచెట్ల నీడలో నీలవేణి అనే గేదె పడ్డ, అంటే ఇంకా ఈనని పడుచు గేదె, ఉండేది. నల్లగా నిగనిగలాడుతూ, నిదానంగా నడుస్తూ, ఏదడిగినా కాసేపు ఆలోచించి గానీ బదులు చెప్పని రకం. కిందటేడు వరదలో దాని చెల్లెలు కొట్టుకుపోతుంటే, ఏనుగుమెట్ట గురుకులంలో చదివిన ఒక నీటికుక్క దూకి ఒడ్డుకు చేర్చింది. ఆ రోజు నుంచీ నీలవేణికి ఒకటే ధ్యాస. తానూ ఆ గురుకులంలో వరద విద్య నేర్చుకోవాలి, పదిమందిని ఒడ్డుకు చేర్చాలి.

ఏనుగుమెట్టలో సీటంటే మాటలా! అడవిలో అందరూ నాలుగు పరీక్షలు ఇవ్వాలి: పరుగు, గెంతు, ఈత, జ్ఞాపకం. వచ్చిన మార్కులు తాటాకు మీద గీసి చేతికిస్తారు. చాలవనుకున్నవాళ్ళు తొలకరికి ముందు మళ్ళీ పరీక్ష ఇవ్వచ్చు. అయితే ఒక మెలిక ఉంది. కొత్త మార్కు గీయగానే పాతదాన్ని కొట్టేస్తారు. పెరిగిందా, నీ అదృష్టం. తగ్గిందా, అదీ నీదే.

నీలవేణి ఆకు మీద పరుగు ముప్ఫై ఒకటి, గెంతు ఇరవై రెండు, ఈత తొంభై రెండు, జ్ఞాపకం అరవై నాలుగు.

వరద విద్యలో ఆ ఏడు మిగిలింది ఒక్కటే సీటు. నేరేడు చెట్టుకు ప్రకటన కట్టారు: ‘దాటులో తొంభై, జ్ఞాపకంలో డెబ్భై ఉన్నవారే రావలెను. మళ్ళీ పరీక్షలు వారం రోజులకు.’

నీలవేణి దాన్ని రెండోసారి చదువుతుంటే పక్కన తోక ఊపుకుంటూ కుశలయ్య నక్క ప్రత్యక్షమైంది. దానికి వరదా వద్దు, విద్యా వద్దు. ఏనుగుమెట్టలో చదివానని చెప్పుకుంటే చాలు, అడవిలో ఇక ఎవరూ ఎదురు మాట్లాడరని దాని ఆశ.

“ఏమ్మా కోడలా, నువ్వు కూడానా?” అంది నక్క.

“అవును మామా. దాటు అంటే ఏమిటో అర్థం కావడం లేదు.”

“అదేమన్నా బ్రహ్మవిద్యా? దాటు అంటే గెంతు! కంచె దాటడం, కంప దాటడం. నాకు డెబ్భై నాలుగుంది, ఈ వారంలో తొంభై చేస్తా. ఏదీ, నీ ఆకు చూపించు... అయ్యయ్యో! గెంతు ఇరవై రెండా! కప్ప చూస్తే నవ్విపోతుంది.”

“మరి నేనేం చెయ్యను?”

నక్క గొంతులో తేనె పోసుకుంది. “తక్కువున్నచోటే కదమ్మా పెంచుకోవాలి? గెంతు మళ్ళీ ఇవ్వు, పరుగు మళ్ళీ ఇవ్వు. ఆ ఈత కూడా ఇంకోసారి ఇచ్చి వందకు వంద చేసేసుకో. నీ మేలు కోరి చెబుతున్నా.”

జ్ఞాపకం ఊసెత్తలేదు చూశారా? పరుగులూ గెంతులూ ఈతలూ అంటూ వారమంతా గడిపేస్తే జ్ఞాపకం అరవై నాలుగు దగ్గరే ఆగిపోతుందని దాని లెక్క.

పాపం, నీలవేణి నమ్మింది. మూడు రోజులు గెంతింది. మొదటి రోజు తుమ్మకంప మీద పడింది. రెండో రోజు బురదలో. మూడో రోజు కూడా బురదలోనే, కాకపోతే ఈసారి కాస్త ఇష్టంగా పడింది. ఆ చల్లటి బురదలో పడుకుని నెమరు వేస్తుంటే ఒక ఆలోచన తట్టింది. ‘ప్రకటన కట్టింది గురుకులంవాళ్ళు. అర్థం చెప్పింది నక్క మామ. కట్టినవాళ్ళనే అడిగితే పోలా?’

లేచి మెట్టెక్కింది. గుమ్మంలో పెద్ద గుమాస్తా తాబేలు తాత కూర్చుని ఉంది.

“తాతా, దాటు అంటే ఏమిటి?”

తాబేలు మెడ మెల్లగా బయటికి చాపింది. “ఇది వరద బడి కదే తల్లీ. ఇక్కడ దాటంటే ఏరు దాటడం. ఈత మార్కే చూస్తాం. ఇన్ని రోజులుగా ఆ ప్రకటన వేలాడుతోంది, వచ్చి అడిగింది నువ్వొక్కదానివే.”

“పరుగు?”

“వరదలో పరిగెత్తుతావా ఏమిటి!”

నీలవేణి తన తాటాకు తీసి చూసుకుంది. ఈత ముట్టుకోనక్కర్లేదు. పెంచాల్సింది జ్ఞాపకం ఒక్కటే, అదీ ఆరు మార్కులు. దిగి వస్తుంటే దారిలో నక్క కంపలు గెంతుతూ కనిపించింది. ఆ పిల్ల మనసు మంచిది. ఆగి చెప్పింది.

“మామా! తాతను అడిగాను. దాటంటే ఈతట!”

నక్క గాల్లోనే పకపకా నవ్వింది. “ఓసి గడుసుదానా! గెంతు చేతకాక నన్ను నీళ్ళల్లోకి తోద్దామనా? నాకే బురిడీనా? పో పో, ముందు ఒంటికి అంటిన బురద కడుక్కో!”

నీలవేణి తన దారిన వాగు ఒడ్డుకు వెళ్ళిపోయింది. మిగిలిన రోజులు తెల్లారగానే సూర్యభగవానుడికి తల వంచడం, ఇరవై పక్షుల పేర్లు వినడం, మేత మేశాక పడుకుని ఒక్కో పేరూ గడ్డిపరకలాగా నెమరు వేయడం. దేవుడు గేదెకు గెంతు ఇవ్వలేదు గానీ నెమరు ఇచ్చాడు కదా!

వారం తిరిగింది. నీలవేణి ఒక్క పరీక్షే ఇచ్చింది. జ్ఞాపకం ఎనభై ఒకటి. కుశలయ్య కూడా ఒక్క పరీక్షే ఇచ్చింది. గెంతు తొంభై ఆరు! తాటాకు నోట కరుచుకుని, ఛాతీ విరుచుకుని మెట్టెక్కి, నీలవేణిని పక్కకు నెట్టి తాబేలు ముందు నిలబడింది.

“దాటు ఎంత నాయనా?” అంది తాబేలు.

“తొంభై ఆరు!”

తాబేలు ఆకును దగ్గరికి పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. “ఇది గెంతు కదయ్యా. ఇక్కడ దాటంటే ఏరు దాటడం, నీ ఈత అరవై అని ఉంది. నువ్వు వరదలో దూకగలవు గానీ తిరిగి రాలేవు. అమ్మాయ్ నీలవేణీ, లోపలికి రా తల్లీ.”

నక్క ముఖం నల్లబడింది. గిరుక్కున తిరిగి, “ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఏడవచ్చుగా!” అని అరిచింది.

నీలవేణి అలవాటుగా ఒక్క క్షణం ఆలోచించింది. “నేను చెప్పాను కదా మామా,” అని మెల్లగా గుమ్మం దాటింది.

విన్నారుగా: ఏ పరీక్ష మళ్ళీ ఇవ్వాలో తేల్చుకునే ముందు, ఏ గుమ్మం తొక్కాలనుకుంటున్నారో ఆ గుమ్మంలోనే అడగండి.