మునకలదిబ్బ మునకమ్మ తల్లి

సముద్రానికి రెండామడల లోపల, తుంగా జమ్మూ పెరిగిన సరస్సు నడుమ మునకలదిబ్బ ఉంది. పడవ దిగగానే నీటిలో నిలిచిన అమ్మవారి శిల కనిపిస్తుంది. శిరస్సుకు కావి, ఎదకు కాటుక, తక్కిన మేనికి విభూతి పూస్తారు. ఈ అలంకారం నాంచారు అనే బెస్త స్త్రీ వల్ల ఏర్పడిందని పెద్దలు చెబుతారు.

పూర్వం ఇక్కడ మూడేళ్లు వరుసగా వానలు లేక సరస్సు కుంచించుకుపోయింది. సముద్రపు పోటు ఏటి గుండా ఎగదన్ని, మిగిలిన నీటిని ఉప్పు చేసింది. దిబ్బ మీది కుటుంబాలు ఒక్కొక్కటే వలస పోయాయి. నాంచారు కదలలేదు. భర్త తుఫానులో పోయాడు. పక్షవాతంతో మంచాన పడిన అత్తను మోసుకుపోయే సత్తువ ఆమెకు లేదు. రోజూ ఆమడ దూరం నడిచి ఒక్క కడవ మంచినీళ్లు తెచ్చేది.

ఒక కార్తీకమాసపు మధ్యాహ్నం ఆమె కడవ దింపి, గట్టు మీదే కునుకు తీసింది. కలలో ఒక ముత్తైదువ పక్కన చతికిలబడి, కాళ్లు పిసుక్కుంటూ, "మంచుకొండల అవతలి నుంచి వచ్చానమ్మా. నాకూ ఒళ్లు పులిసిపోయింది. నేను మునిగేచోట తవ్వు, మంచినీళ్లు పడతాయి" అన్నది.

మర్నాడు సరస్సు నిండా బాతులే. ఒకటి తల నీట ముంచి తోక పైకెత్తడం చూసి, నాంచారు అదే గుర్తనుకుంది. ఇంకా దిబ్బ విడవని, వరసకు మరిదయ్యే ఎర్రయ్య అక్కడ రెండు రోజులు తవ్వాడు. ఉప్పు బురదే పడింది.

"నీ కలను నమ్మి నా నడుం విరిగింది వదినా. రేపు మేమూ పోతాం. ఈలోగా నాలుగు బాతులు పడితే కడుపైనా నిండుతుంది" అని అతడు వల దులిపాడు.

నాంచారుకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. నీటి అంచున కూర్చుని ఊరికే చూస్తూ ఉండిపోయింది. అలా చూడగా చూడగా తేడా తెలిసింది. చాలా బాతులు తలే ముంచుతున్నాయి, వాటికి లోతు అక్కర లేదు. ఇటుకరంగు తల, నల్లని ఎద, బూడిదరంగు వీపు ఉన్న ఒక బాతు మాత్రం ఒళ్లంతా మునిగి ఎంతోసేపటికి తేలింది. దాని ముక్కున మంచినీట తప్ప మొలవని నాచు వేలాడుతోంది.

ఎర్రయ్య వల ఎత్తాడు. నాంచారు నడుములోతు నీటిలోకి దిగి అడ్డం నిలిచింది.

"పడితే ఒక్క పూటకొస్తుంది ఎర్రయ్యా. అది మునిగిన చోట తవ్వు, అత్త బతుకుతుంది."

బాతు నీటి మీద పరుగులు తీసి గాలిలోకి లేచింది. ఎర్రయ్య వల పక్కన పడేశాడు. ఆ చోట బావికి వేసే మట్టి ఒరలు దింపి ఉప్పునీరు తోడేశారు. మూడో ఒర దిగేసరికి ఒక నల్లరాయి తగిలింది. దాని పక్కనుంచి చల్లని ఊట ఉబికింది.

అత్త గుక్కెడు తాగి, "ఇవి ఎండలో నడిచొచ్చిన నీళ్లు కావే" అన్నది. నాంచారు జవాబు చెప్పబోతూనే నిద్రలోకి జారిపోయింది.

పైకి తీసి ఊట పక్కన నీటిలో నిలిపిన ఆ నల్లరాయే నేటి మునకమ్మ తల్లి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఈ దిబ్బ చుట్టూ ఎవరూ వల వేయరు. ఇక్కడ మొక్కులు చెప్పుకోరు. భక్తులు గట్టున కూర్చుని, మునిగిన బాతు తేలేదాకా మౌనంగా ఉండి, దోసెడు ఊటనీరు తాగుతారు. ఇంట్లో రోగులకు సేవ చేసి అలసినవారే ఎక్కువగా వస్తారు. మళ్లీ పని అందుకునే ఓపిక అమ్మ ఇస్తుందని వారి నమ్మకం. గట్టు మీద ఎవరైనా నిద్రపోతే, వారు లేచేదాకా పడవ కదలదు.